పురుడు ఎవరి పద్దు?

తెలుగులో గర్భిణికీ బాలింతకూ ఉన్నన్ని మాటలు మరే దశకూ లేవేమో అనిపిస్తుంది. చూలాలు, నిండు చూలాలు, నీళ్ళాడిన మనిషి, పచ్చి బాలింత, బాలింత. ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క నియమం ఉన్నది. చూలాలు బరువు మోయరాదు. పచ్చి బాలింత చన్నీళ్ళలో చేయి పెట్టరాదు. కాయం తినాలి, పథ్యం చేయాలి, గాలి తగలకుండా ఉండాలి. వీటన్నింటికంటె గట్టి నియమం మరొకటి ఉన్నది: తొలి కాన్పు పుట్టింటివారిది. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో అమ్మాయిని తీసుకువెళ్ళి, మంత్రసాని కూలి మొదలు పురిటిశుద్ధి వరకూ అయ్యే ఖర్చంతా భరించి, బిడ్డతో సహా అత్తవారింటికి పంపించాలి.

మనం దీనిని ఆచారమనీ ముచ్చట అనీ అంటాము. కొంచెం నిలిచి చూస్తే ఇది ఒక ఆర్థిక ఒప్పందం. ప్రసవ కాలంలో స్త్రీ పని చేయలేదు. ఆమెకు విశ్రాంతి, తిండి, మందు కావాలి. వాటి వెల ఎవరో ఒకరు చెల్లించాలి. మన పెద్దలు ఆ వెలను పుట్టింటివారి పద్దులో వ్రాశారు. అయితే పుట్టింటికే గతిలేని స్త్రీ మాటేమిటి? నిన్నటిదాకా నాట్లు వేసి, రేపు మళ్ళీ కలుపుకు పోవలసిన స్త్రీ మాటేమిటి? ఆచారం ఆమె గురించి ఏమీ చెప్పలేదు. ప్రసూతి చట్టాల చరిత్ర అంతా ఆ మౌనాన్ని పూరించటానికి జరిగిన ప్రయత్నమే. ఆ చరిత్ర పొడుగునా ఒకే ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది. పురుడు ఎవరి పద్దు?

ఈ ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో దాసుల గురించిన అధ్యాయంలో ఒక నియమం ఉన్నది. గర్భిణి అయిన దాసిని, ఆమె ప్రసవానికి కావలసిన ఏర్పాటు చేయకుండా అమ్మినవానికీ కుదువ పెట్టినవానికీ పూర్వసాహస దండం విధించాలి. దాసిని అమ్మటం తప్పు కాలేదు. పురిటి ఖర్చును ఎగవేయటం తప్పయింది. అదే గ్రంథంలో రేవుల అధికారిని గురించి చెప్పే చోట, గర్భిణులు పడవ కూలి లేకుండా ఏరు దాటవచ్చునని కూడా ఉన్నది. మనుస్మృతిలోనూ రెండు నెలలు దాటిన గర్భిణికి రేవు సుంకం లేదు. యజమాని కొంత, రాజు కొంత భరించాలన్న ఆలోచన అంత పాతది. అవి ఎంతవరకు అమలయ్యాయన్నది వేరే సంగతి.

యంత్రయుగం వచ్చాక ఈ ప్రశ్న కొత్త రూపం దాల్చింది. పొలంలో పనిచేసే తల్లి గట్టుమీద చెట్టుకు ఉయ్యాల కట్టుకోవచ్చు; మిల్లులో మగ్గం దగ్గర ఉయ్యాల కట్టటానికి వీలులేదు. 1877లో స్విట్జర్లాండ్ చేసిన ఫ్యాక్టరీ చట్టం ప్రసవానికి ముందూ వెనుకా కలిపి 8 వారాలు స్త్రీలచేత పని చేయించరాదన్నది. వాటిలో కనీసం 6 వారాలు ప్రసవం తరువాత ఉండాలి. 1878లో జర్మనీ 3 వారాల నిషేధం పెట్టింది. 1891లో బ్రిటన్ 4 వారాలన్నది. ఈ మొదటి చట్టాలు అన్నీ పని మానమన్నాయే కాని, మానిన రోజులకు కూలి ఎవరిస్తారో చెప్పలేదు. కూలి లేని విశ్రాంతి పేదరాలికి విశ్రాంతి కాదు, పస్తు. పేరు మార్చుకొని మరో పనికి పోయే స్త్రీని ఏ చట్టం ఆపగలదు?

ఈ లోపాన్ని మొదట గుర్తించింది జర్మనీయే. 1883లో బిస్మార్క్ తెచ్చిన ఆరోగ్య బీమా చట్టంలో, బీమా ఉన్న శ్రామిక స్త్రీలకు ప్రసవానంతరం 3 వారాల భృతి చేర్చారు. బ్రిటన్ 1911 నాటి జాతీయ బీమా చట్టంలో కాన్పుకు 30 షిల్లింగులు ఇచ్చింది. దీనికొక ఉపకథ ఉన్నది. భర్తకు బీమా ఉంటే ఆ సొమ్ము భర్త చేతికి పోయేది. మహిళా సహకార సంఘం పట్టుబట్టి పోరాడింది. 1913లో చట్టాన్ని సవరించి ఆ 30 షిల్లింగులు తల్లి సొత్తేనని తేల్చారు. సొమ్ము ఎవరిస్తారన్నది ఎంత ముఖ్యమో, ఎవరి చేతికి వెళుతుందన్నదీ అంతే ముఖ్యమని ఈ ముచ్చట చెబుతుంది.

1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి సమావేశం జరిగింది. అక్కడ చేసిన మూడవ ఒడంబడిక ప్రసూతి రక్షణకు సంబంధించినది. ముందు 6 వారాలు, వెనుక 6 వారాలు, మొత్తం 12 వారాల సెలవు. తల్లీబిడ్డల పోషణకు సరిపడు భృతి. బిడ్డకు పాలివ్వటానికి రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున విరామం. సెలవులో ఉండగా పనిలోనుండి తీసివేయరాదన్న నిషేధం. నేటికీ ప్రపంచంలో ఎక్కడ ప్రసూతి చట్టం చేసినా ఈ నాలుగు స్తంభాల మీదే నిలుస్తుంది. ఆ ఒడంబడికలో అందరూ మరచిపోయే వాక్యం ఒకటుంది. ఆ భృతి ప్రభుత్వ నిధులనుండి గాని, బీమా ద్వారా గాని రావాలి. అంటే యజమాని జేబునుండి నేరుగా కాదన్నమాట. 1952, 2000 సంవత్సరాల ఒడంబడికలలో ఈ మాట మరింత విస్పష్టంగా వచ్చింది. ఈ మూడింటిలో ఒక్కదానిని కూడా భారతదేశం ధ్రువీకరించలేదు.

వాషింగ్టన్ సమావేశం తరువాత భారత ప్రభుత్వం పరిస్థితిని పరిశీలించటానికి వైద్యులను నియమించింది. బొంబాయి మిల్లులలో డాక్టర్ బార్న్స్, బెంగాలు పరిశ్రమలలో డాక్టర్ డాగ్మార్ కర్జెల్ అనే మహిళా వైద్యులు విచారణ జరిపారు. వీరి నివేదికలు 1922, 1923లలో వెలువడినాయి. పనికి వెళ్ళే తల్లులు పసిబిడ్డలు ఏడవకుండా నిద్రపోవాలని నల్లమందు మాత్ర వేసి వెళ్ళేవారన్న సంగతి ఆ కాలపు బొంబాయి కార్మికవాడల గురించి చదివినవారందరికీ తెలిసినదే. బిడ్డకు మత్తు ఇచ్చిన ఆ తల్లి క్రూరురాలు కాదు. ఆ రోజు కూలి పోతే ఆ రోజు పొయ్యి వెలగదు, అంతే.

1924లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు ప్రవేశపెట్టారు. అది నెగ్గలేదు. తరువాత అటువంటి బిల్లే బొంబాయి శాసన మండలికి వచ్చింది. 1928 జూలై 28న ఆ బిల్లును సమర్థిస్తూ డాక్టర్ అంబేద్కర్ ప్రసంగించారు. ఆయన వాదాన్ని సంగ్రహంగా చెప్పుకుంటే ఇది: ప్రసవానికి ముందూ తరువాతా తల్లికి విశ్రాంతి దొరకటం జాతి ప్రయోజనం, ప్రజల క్షేమం ప్రభుత్వ బాధ్యత గనుక, న్యాయంగా ఈ భారంలో పెద్ద వాటా ప్రభుత్వమే భరించాలి, అయినా స్త్రీలను పనిలో పెట్టుకొని లాభం పొందుతున్న యజమాని కూడా తన వంతు భరించటం సబబే. ఆ ప్రసంగంలో నాకు విలువైనదిగా తోచింది ఆ మొదటి సగం. యజమాని కట్టాలన్న చట్టాన్ని సమర్థిస్తూనే, పద్దు అసలు ఎవరిదో ఆయన దాచకుండా చెప్పారు.

1929లో బొంబాయి చట్టం వచ్చింది. భృతి రోజుకు 8 అణాలు, చెల్లించవలసినది యజమాని. మరుసటి ఏడు మధ్య పరగణాలు ఆ దారి పట్టాయి. విట్లీ అధ్యక్షతన పనిచేసిన రాయల్ కార్మిక కమిషన్ 1931 నాటి తన నివేదికలో ఇటువంటి చట్టాలు దేశమంతటా రావాలన్నది. 1934లో మద్రాసు శాసనసభ తన చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు రాజధానిలోనివే గనుక, తెలుగు గడ్డ మీద ప్రసూతి భృతి అన్న మాటకు చట్టబలం వచ్చింది అప్పుడే. గని కార్మిక స్త్రీలకోసం 1941లో వేరొక చట్టం వచ్చింది. 1942 నుండి 1946 వరకు వైస్రాయి కౌన్సిలులో కార్మికశాఖ చూసినది అంబేద్కరే. ఆ గని చట్టానికి 1943లో, 1945లో జరిగిన సవరణలు ఆయన హయాములోనివి. అయితే అదే 1943లో, యుద్ధానికి బొగ్గు కావాలని, స్త్రీలను భూగర్భ గనులలోకి దింపరాదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తివేసింది. 1946లో గాని ఆ నిషేధం మళ్ళీ రాలేదు. చరిత్ర ఎప్పుడూ ఒకే దిక్కుకు నడవదు.

స్వాతంత్ర్యం వచ్చాక రెండు దారులు ఏర్పడ్డాయి. మొదటిది 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, మనమందరం ఈ.ఎస్.ఐ. అని పిలుచుకునేది. దీనిలో యజమానీ కార్మికుడూ చందా కడతారు, ప్రసూతి భృతి నిధినుండి వస్తుంది. 2019 జూలై నుండి ఆ చందా యజమానికి వేతనంలో 3.25 శాతం, కార్మికునికి 0.75 శాతం. ఇక్కడ గమనించవలసిన కిటుకు ఒకటుంది. పనిలో ఉన్నది మగవాడైనా ఆడదైనా చందా ఒక్కటే. కాబట్టి స్త్రీని పనిలో పెట్టుకుంటే అదనంగా నష్టపోతానన్న లెక్క యజమానికి ఉండదు. రెండవ దారి 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం. ఈ.ఎస్.ఐ. వర్తించని చోట్ల ఇది వర్తించేది. దీనిలో పూర్తి వేతనం యజమానే చెల్లించాలి. రాజ్యాంగం 42వ అధికరణంలో ప్రసూతి సహాయానికి రాజ్యం ఏర్పాట్లు చేయాలని వ్రాసుకున్నాము. చట్టంలోకి వచ్చేసరికి రాజ్యం ఇన్స్పెక్టరుగా మిగిలి, ఖర్చు యజమానికి పోయింది.

1961 చట్టం మొదట 12 వారాలు ఇచ్చింది. అర్హత కావాలంటే ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో 160 రోజులు పనిచేసి ఉండాలి. గర్భస్రావమైతే 6 వారాల సెలవు, జబ్బు చేస్తే మరొక నెల, బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలు, మందుల ఖర్చుకు 25 రూపాయలు. 160 రోజులన్న షరతు చూడటానికి చిన్నది. ఏడాదిలో కొద్ది నెలలే సాగే కార్ఖానా పనులు చేసే స్త్రీకి అది దాటరాని గోడ. 1988లో దానిని 80 రోజులకు తగ్గించారు. పదిమంది పనిచేసే దుకాణాలకూ చట్టాన్ని విస్తరించారు. మధ్యలో గడిచినవి 27 ఏళ్ళు. ఒక తరం తల్లుల కాన్పులు ఆ గోడకు అవతలే జరిగిపోయాయి.

చట్టం వ్రాసినంత మాత్రాన పని జరగదు, దానిని రోజుల లెక్కన కొలవాలి. తమిళనాట ఒక ప్లాంటేషన్‌లో పనిచేసే స్త్రీ 1967 డిసెంబరులో ప్రసవించింది. 12 వారాలంటే పని రోజులు 72 అని లెక్కగట్టి, ఆదివారాలు తీసివేసి యజమాని సొమ్మిచ్చాడు. వారానికి ఏడు రోజులు గనుక 84 రోజుల సొమ్ము రావాలని ఆమె అన్నది. ఈ 12 రోజుల కూలి తగవు కోయంబత్తూరు కార్మిక న్యాయస్థానంలో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1977లో తీర్పు వచ్చింది: వారమంటే ఏడు రోజులు, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. బాలింతకు ఆదివారం ఆకలి వేయదా అన్న ప్రశ్నకు జవాబు దొరకటానికి పదేళ్ళు పట్టింది.

మరికొన్ని తీర్పులు కూడా గుర్తుంచుకోదగినవి. ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భవతి కాగానే ఉద్యోగం పోయే నిబంధన ఉండేది. 1981లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. జీవిత బీమా సంస్థలో చేరే స్త్రీలు తమ నెలసరి వివరాలు, గర్భం వివరాలు ప్రకటన పత్రంలో వ్రాసివ్వవలసి వచ్చేది. 1991లో కోర్టు ఆ ప్రశ్నలు తీసివేయమన్నది. ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలు మీద రోజు కూలికి పనిచేసే స్త్రీలు తమకూ ప్రసూతి భృతి కావాలన్నారు. శాశ్వత ఉద్యోగులకే ఇస్తామన్నది నగరపాలక సంస్థ. 2000 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, చట్టంలో ఆ తేడా ఎక్కడా లేదని కోర్టు తేల్చింది. ఆ స్త్రీలు అదే పనిని ఏళ్ళ తరబడి చేస్తున్నవారే. వారి పేరు ఉన్న పుస్తకం వేరు, అంతే.

మన తెలుగు నేల విషయానికి వస్తే, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల బీడీ కార్మికులను ముందు తలచుకోవాలి. ఒడిలో చేట, చేటలో తునికాకు, పొగాకు, దారం. పని ఇంటి అరుగు మీదే. మరి ఇల్లు కార్ఖానా అవుతుందా? అరుగు మీద కూర్చున్న స్త్రీ కార్మికురాలా, గృహిణా? 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టం ఆమె కార్మికురాలేనన్నది. 37వ సెక్షను ప్రసూతి ప్రయోజన చట్టాన్ని కొన్ని మార్పులతో ఇంటి దగ్గర పనిచేసేవారికి కూడా వర్తింపజేసింది. ఇది చాలా ముందుచూపు ఉన్న నియమం. అయితే భృతి అందాలంటే ఎన్ని రోజులు చుట్టిందో రుజువు ఉండాలి. పని లెక్క తల్లి పేరనో అత్త పేరనో నడిస్తే, చుట్టిన చేతికి హక్కు దక్కదు. చట్టం గడప దాకా వచ్చినా, పేరు నమోదు కాకపోతే లోపలికి రాలేదు.

2017 ఏప్రిల్ 1 నుండి 12 వారాల సెలవు 26 వారాలయింది, మొదటి ఇద్దరు బిడ్డలకు. మూడు నెలలలోపు బిడ్డను దత్తత తీసుకున్న తల్లికీ, అద్దె గర్భం ద్వారా బిడ్డను పొందిన తల్లికీ 12 వారాలు ఇచ్చారు. యాభైమంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ప్రభుత్వోద్యోగులకు ఈ మేలు ముందే అందింది: కేంద్రంలో 2008లో, ఆంధ్రప్రదేశ్‌లో 2010లో 180 రోజులయింది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమలులోకి రావటంతో 1961 చట్టం, ఈ.ఎస్.ఐ. చట్టం రెండూ అందులో కలిసిపోయాయి. ఇరవై ఆరు వారాలు నిలిచాయి. ఖర్చు ఎవరిదన్న ఏర్పాటు కూడా అలాగే నిలిచింది. 2018లో కేంద్ర కార్మికశాఖ, 15,000 రూపాయల లోపు వేతనమున్న స్త్రీల విషయంలో ఏడు వారాల వేతనాన్ని యజమానికి తిరిగి ఇచ్చే ఆలోచనను ప్రకటించింది. చట్టంలోకి మాత్రం అది ఎక్కలేదు.

సెలవు పెరిగితే సంతోషించాలి కదా, ఈ పద్దు గోల ఎందుకని చదువరులు అడగవచ్చు. ఎందుకంటే పద్దు ఎవరిదన్నదాన్ని బట్టే, ఆ సెలవు ఎందరికి దక్కుతుందన్నది తేలుతుంది. చిన్న కంపెనీ నడిపేవాడు ఇద్దరు సమానమైన అభ్యర్థులను చూస్తాడు. ఒకరిని తీసుకుంటే ఆరు నెలల వేతనం తన జేబునుండి పోయే అవకాశం ఉన్నది, ఇంకొకరిని తీసుకుంటే లేదు. అతడు దుర్మార్గుడు కానక్కరలేదు, లెక్కలు వచ్చినవాడైతే చాలు. పైగా ప్రైవేటు రంగంలో తండ్రికి చట్టబద్ధమైన సెలవు ఏదీ లేదు. కేంద్రోద్యోగులైన తండ్రులకు 1997లో వచ్చిన 15 రోజులే ఇప్పటికీ చెప్పుకోవలసిన మాట. బిడ్డ ఇద్దరిదీ, సెలవు ఒకరిదీ అయినప్పుడు, నష్టం కూడా ఆ ఒకరి ఉద్యోగానికే చుట్టుకుంటుంది. అమెరికాలోని మనవాళ్ళ స్థితి దీనికి మరో కొస. అక్కడి 1993 నాటి ఫెడరల్ చట్టం తల్లికీ తండ్రికీ సమానంగా 12 వారాల సెలవిచ్చింది. వేతనం మాత్రం ఇద్దరికీ ఇవ్వలేదు.

ఇక యజమాని అంటూ ఒకడు లేని స్త్రీ సంగతి. పొలం కూలి, ఇళ్ళలో అంట్లు తోమే పని, రోడ్డు పక్క కూరగాయల బుట్ట. మన దేశంలో పనిచేసే స్త్రీలలో అధిక సంఖ్యాకులు వీరే. 2013 నాటి ఆహార భద్రతా చట్టం, ప్రభుత్వోద్యోగులవంటి వారిని మినహాయించి, ప్రతి గర్భిణికీ బాలింతకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలన్నది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకు మాత్రమే, 5,000 రూపాయలు, అదీ మూడు విడతలుగా ఇచ్చింది. 2022 నుండి రెండవ బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 చేర్చారు. అదే 2017లో తెలంగాణ ప్రభుత్వం, ప్రభుత్వాసుపత్రులలో కాన్పులకు మగబిడ్డ అయితే 12,000, ఆడబిడ్డ అయితే 13,000 ఇచ్చే పథకం మొదలుపెట్టింది. కార్యాలయంలో పనిచేసే తల్లికి చట్టం ఇచ్చే 26 వారాలంటే 182 రోజులు. కూలి తల్లికిచ్చిన 5,000 రూపాయలను ఆ రోజులకు పంచితే రోజుకు 27 రూపాయల చిల్లర వస్తుంది. పురిటి నొప్పులు ఇద్దరివీ ఒకటే.

అయినా ఈ రెండవ దారిలో ఒక మంచి ఉన్నది. సొమ్ము ప్రభుత్వం ఇస్తున్నది, తల్లి ఖాతాలోనే వేస్తున్నది. 1919లో వాషింగ్టన్‌లో వ్రాసుకున్నదీ, 1928లో అంబేద్కర్ చెప్పినదీ సూత్రం రీత్యా ఇదే. సూత్రం సరైనదే, సొమ్ము చాలదు. మొదటి దారిలో సొమ్ము నిండుగా ఉన్నది, సూత్రం వంకరగా ఉన్నది. ఈ రెంటినీ కలిపి, ఈ.ఎస్.ఐ. నమూనాలో యజమానులందరూ తలా కొంత, ప్రభుత్వం తన వంతు వేసిన ఒక నిధినుండి ప్రతి తల్లికీ గౌరవప్రదమైన భృతి ఇస్తే తప్ప ఈ చిక్కు వీడదని నా అభిప్రాయం. తొలి కాన్పు పుట్టింటిదన్న పెద్దల మాటను తీసివేయనక్కరలేదు. దేశం కూడా ఆడపిల్లకు పుట్టిల్లేనని ఒప్పుకుంటే చాలు.

ఈ విషయంలో మన ఇళ్ళలోని అమ్మమ్మలకూ అమ్మలకూ తెలిసినంత చట్టాల పుస్తకాలకు తెలియదు. ఏ మిల్లులో, ఏ బడిలో, ఏ తోటలో పనిచేస్తూ ఎన్నవ రోజున తిరిగి పనికి వెళ్ళారో, ఆ రోజుల కూలి ఎవరిచ్చారో అడిగి చూడండి. వారు చెప్పినది ఇక్కడ పంచుకుంటే, వ్రాయబడని ఆ చరిత్రలో ఒక పుటైనా మనం నింపినవారమవుతాము.